లండన్ నుంచి సిడ్నీకి: దూరం అదే, దారి వేరు

ఈ రోజు ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. లండన్ నుంచి సిడ్నీకి ఎంత దూరం? ఫోన్‌లో అడిగితే క్షణంలో జవాబు వస్తుంది, సుమారు 17,000 కిలోమీటర్లు అని. విమానంలో ఎన్ని గంటలు? దానికీ జవాబు ఉంటుంది. గంటకు 900 కిలోమీటర్ల చొప్పున భాగించి, పైకి లేవడానికీ కిందికి దిగడానికీ ఓ అరగంట కలిపి, 19 గంటల పైచిలుకు అని చెప్తుంది.

ఆ లెక్కలో తప్పేమీ లేదు. కాకపోతే నేను ఈ మాట చెప్తున్న రోజు దాకా, డబ్బు పెట్టి టికెట్ కొనుక్కుని అలా ఎక్కడా ఆగకుండా 19 గంటల్లో లండన్ నుంచి సిడ్నీ వెళ్లిన ప్రయాణికుడు ఒక్కడూ లేడు. విమానాలు పుట్టి నూట ఇరవై ఏళ్లు దాటింది, చంద్రుడి మీదికి వెళ్లొచ్చాం, ఇంకా ఈ రెండు ఊళ్ల మధ్య మామూలు ప్రయాణికుడు మధ్యలో ఎక్కడో ఒకచోట దిగాల్సిందే. ఎందుకు? ఆ మజిలీలు ఎక్కడ పడాలో ఎవరు నిర్ణయించారు? ఈ ఎపిసోడ్ అంతా దాని గురించే.

ముందు మీ ఇంట్లో గ్లోబు ఉంటే ఒక పని చేయండి. ఒక దారం తీసుకుని ఒక కొస లండన్ మీద, ఇంకో కొస సిడ్నీ మీద పెట్టి బిగించి లాగండి. గోడ మీద పటం చూసి అలవాటైన కంటికి ఆ దారం మధ్యధరా సముద్రం, అరేబియా, ఇండియా, సింగపూర్ మీదుగా పోవాలనిపిస్తుంది. పోదు. అది పోలండ్ వైపు నుంచి రష్యా మీదికి ఎక్కి, కజకిస్తాన్, చైనా దాటి, ఫిలిప్పీన్స్ పక్కగా ఆస్ట్రేలియాలోకి దిగుతుంది. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి అసలైన దగ్గర దారి అదే. అందులో కరాచీ లేదు, కలకత్తా లేదు, సింగపూర్ కూడా లేదు.

మరి పాత టైంటేబుళ్లు తీసి చూస్తే ప్రతి దాంట్లోనూ కరాచీ, కలకత్తా, సింగపూర్ ఉంటాయి. దగ్గర దారి వదిలేసి ఇంత చుట్టు ఎందుకు తిరిగారంటే, విమానానికి రెండు కావాలి: పెట్రోలు, కింద దిగనిచ్చేవాడు. ఆ రోజుల్లో ఈ రెండూ కలిసి దొరికేది బ్రిటిష్ జెండా ఎగిరే చోట్లలో. కాబట్టి దారం జెండాల వెంట వంకర్లు తిరిగింది.

1919కి వెళ్దాం. మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడే అయిపోయింది. ఆస్ట్రేలియా ప్రభుత్వం ఒక పందెం ప్రకటించింది. బ్రిటన్ నుంచి ఆస్ట్రేలియాకి 30 రోజుల్లోపు ఎగిరి వచ్చిన మొదటి ఆస్ట్రేలియన్లకు 10,000 పౌండ్ల బహుమతి. అప్పటికి ఓడలో ఆ ప్రయాణం నెల దాటేది. రాస్ స్మిత్, కీత్ స్మిత్ అనే అన్నదమ్ములు, వాళ్లతో పాటు జిమ్ బెన్నెట్, వాలీ షియర్స్ అనే ఇద్దరు మెకానిక్‌లు, మొత్తం నలుగురు నవంబర్ 12న లండన్ పక్కన హౌన్స్‌లో నుంచి బయల్దేరారు. విమానం పేరు విక్కర్స్ విమీ. యుద్ధంలో బాంబులు వేయడానికి తయారుచేసిన రెండు ఇంజన్ల విమానం. పైన కప్పు లేదు. చలికి, వానకి ముఖం అలా అప్పగించి కూర్చోవాల్సిందే.

దాని మీద రాసిన రిజిస్ట్రేషన్ అక్షరాలు జి, ఇ, ఎ, ఓ, యు. వాటికి వాళ్లే ఒక అర్థం చెప్పుకుని నవ్వుకున్నారట, దేవుడా మా అందరినీ నువ్వే కాపాడు అని. అది ఉత్త సరదా మాటగా మిగల్లేదు. అదే పందెంలో బయల్దేరిన ఇంకో రెండు జట్లలో నలుగురు మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఒక జట్టు లండన్ దాటకముందే కూలిపోయింది.

స్మిత్ సోదరులు కరాచీ, ఢిల్లీ, అలహాబాద్ మీదుగా కలకత్తా చేరారు. అక్కడ విమానాశ్రయం లేదు, గుర్రప్పందాల మైదానంలోనే దిగారు, అక్కణ్నుంచే లేచారు. లేచేటప్పుడు గద్దలు అడ్డం వచ్చాయి. ఒకటి ప్రొపెల్లర్‌కి తగిలింది. ఆ చెక్క ప్రొపెల్లర్ విరిగి ఉంటే కథ అక్కడితో సరి. విరగలేదు. జావాలోని సురబయ దగ్గర ఇంకో తిప్పలు, నేల మెత్తగా ఉండి చక్రాలు బురదలో కూరుకుపోయాయి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వెదురు తడకలు తెచ్చి, ఒకదాని పక్కన ఒకటి పరిచి దారి చేస్తే, దాని మీద పరుగెత్తించి లేపారు. పేర్లు తెలియని ఆ జావా పల్లెటూరివాళ్లు తమ ఇళ్ల తడకలు ఇవ్వకపోతే ఈ రికార్డు ఉండేది కాదు. నాకు ఈ మొత్తం చరిత్రలో బాగా నచ్చే రన్‌వే అదే.

డిసెంబర్ 10న డార్విన్‌లో దిగారు. 27 రోజుల 20 గంటలు పట్టింది. ఇప్పుడు అసలు లెక్క చూడండి. ఈ 668 గంటల్లో వాళ్లు గాలిలో ఉన్నది దాదాపు 136 గంటలు. అంటే అయిదు గంటల్లో ఒక్క గంట ఎగరడం, నాలుగు గంటలు నేల మీద. పెట్రోలు పోసుకోవడం, ఇంజన్ విప్పి బిగించడం, వాన తగ్గేదాకా ఆగడం, నిద్ర. దూర ప్రయాణంలో టైమంతా ఎక్కడ పోతుందో ఈ ఒక్క లెక్కలో ఉంది. విమానం వేగం పెంచితే ఆ ఒక్క గంట తగ్గుతుంది. మజిలీలు తగ్గిస్తే నాలుగు గంటలు తగ్గుతాయి.

ఈ పందెంలోనే రే పారర్, జాన్ మెకింటోష్ అని ఇంకో ఇద్దరు ఉన్నారు. యుద్ధంలో మిగిలిపోయిన ఒంటి ఇంజన్ విమానంలో 1920 జనవరిలో బయల్దేరారు. దారిలో కూలడం, బాగుచేసుకోవడం, డబ్బులు అయిపోతే ఎలాగో సంపాదించుకోవడం, మళ్లీ లేవడం. 206 రోజుల తర్వాత ఆగస్టులో డార్విన్ చేరారు. బహుమతి ఎప్పుడో అయిపోయింది. అయినా వచ్చారు. ఓడలో వచ్చుంటే నాలుగుసార్లు వచ్చి ఉండేవాళ్లు అనుకోండి, అది వేరే సంగతి.

సరే, సాహసం సాహసమే, సర్వీసు సర్వీసే. ప్రతి వారం, చెప్పిన రోజుకి, టపా మూటలతో విమానం రావాలంటే దారంతా మనుషులు, పెట్రోలు, హోటళ్లు, వాతావరణం చెప్పేవాళ్లు ఉండాలి. ఆ పని ఇంపీరియల్ ఎయిర్‌వేస్ అనే బ్రిటిష్ కంపెనీ చేపట్టింది. 1929 మార్చి 30న లండన్ నుంచి కరాచీకి సర్వీసు మొదలైంది. వారం రోజుల ప్రయాణం.

ఆ ప్రయాణం ఎలా ఉండేదంటే, లండన్ నుంచి స్విట్జర్లాండ్‌లోని బాజెల్ దాకా విమానం. అక్కడ దిగి రైలెక్కాలి. రైల్లో ఆల్ప్స్ కొండలు దాటి ఇటలీలోని జెనోవా చేరాలి. అక్కడ సముద్రం మీద నుంచి లేచే ఫ్లయింగ్ బోట్ ఎక్కి అలెగ్జాండ్రియాకి. మళ్లీ నేల విమానం ఎక్కి బాగ్దాద్, బస్రా, అక్కణ్నుంచి పర్షియా తీరం వెంట బుషేర్, జాస్క్ లాంటి చోట్ల ఆగుతూ కరాచీకి. విమాన టికెట్ కొని రైలెక్కడం ఏమిటి అంటారా? ఇటలీతో పేచీ. కొన్నేళ్ల తర్వాత కూడా ఈ రైలు పోలేదు, పారిస్ నుంచి బ్రిండిసి దాకా రైల్లోనే తీసుకెళ్లేవారు. ప్రపంచంలో అత్యాధునిక ప్రయాణం అని పోస్టర్లు వేసేవాళ్లు, మధ్యలో మాత్రం రైలు పెట్టెలో కునుకు.

ఇప్పుడు పర్షియా దగ్గర కాస్త నిలబడదాం, ఎందుకంటే ఈ పేరు చివర్లో మళ్లీ వస్తుంది. పర్షియా, అంటే ఇప్పటి ఇరాన్, బ్రిటిష్‌వాళ్ల వలస కాదు. తన తీరం మీదుగా ఎగరడానికి కొద్దికాలమే అనుమతి ఇచ్చింది. 1932తో ఆ గడువు తీరింది, పొడిగించలేదు. దాంతో దారి మొత్తం గల్ఫ్‌కి అవతలి ఒడ్డుకి, అరేబియా వైపుకి మార్చాల్సి వచ్చింది. అక్కడ షార్జా షేక్‌తో ఒప్పందం చేసుకుని, ఇసుకలో ఒక రన్‌వే, పక్కనే ప్రయాణికులు రాత్రి పడుకోవడానికి కోటలాంటి ఒక విడిది కట్టారు. ఎడారి కదా, ఎవరైనా దాడి చేస్తారేమో అని గోడలు, కాపలా. షేక్‌కి నెలనెలా అద్దె, అదీ రూపాయల్లో, ఎందుకంటే అప్పట్లో గల్ఫ్‌లో చెల్లేది మన రూపాయే. ఆ కోట ఇప్పటికీ షార్జాలో మ్యూజియంగా ఉంది. పని మీద అక్కడికి వెళ్లిన తెలుగువాళ్లు లక్షల్లో ఉన్నారు, వీలైతే ఒక శుక్రవారం వెళ్లి చూడండి. గల్ఫ్‌లో విమానాలు ఆగడం అనే మహా వ్యాపారానికి అది తొలి మెట్టు. దుబాయ్, దోహా ఎయిర్‌పోర్టుల్లో మీరు విమానం మారేటప్పుడు, ఒక పర్షియా రాజు కాదన్న మాటకి ఎక్కడో కొంచెం రుణపడి ఉన్నట్టే.

అదే 1932లో అక్టోబర్ 15న కరాచీలో ఆగిన ఈ లండన్ టపాని అందుకుని జె.ఆర్.డి. టాటా తన చిన్న పుస్ మాత్ విమానంలో అహ్మదాబాద్ మీదుగా బొంబాయికి తెచ్చాడు. అహ్మదాబాద్‌లో పెట్రోలు డబ్బాలు ఎడ్లబండి మీద వచ్చాయి. బొంబాయి నుంచి నెవిల్ విన్సెంట్ ఆ మూటల్ని బళ్లారి మీదుగా మద్రాసుకి తీసుకెళ్లాడు. మన వైపుకి లండన్ ఉత్తరాలు గాలిలో రావడం అప్పటినుంచే. ఎయిర్ ఇండియా పుట్టుక కథగా దీన్ని మనం చెప్పుకుంటాం, నిజమే. కానీ లండన్ వాళ్ల పటంలో అది ఆస్ట్రేలియా దారికి పక్కన మొలిచిన ఒక కొమ్మ.

అసలు దారి ముందుకు సాగి 1933 చివరికి సింగపూర్ చేరింది. అవతలి నుంచి ఆస్ట్రేలియా వాళ్ల క్వాంటాస్ వచ్చి కలిసింది. 1935 ఏప్రిల్‌లో మొదటిసారి ప్రయాణికులు లండన్, బ్రిస్బేన్ మధ్య టికెట్ కొనుక్కుని వెళ్లగలిగారు. సిడ్నీ దాకా ఇంకా రాలేదు. 20,500 కిలోమీటర్లు, పన్నెండున్నర రోజులు, ఒకవైపు టికెట్ 195 పౌండ్లు. గ్లోబు మీద దారం పట్టి కొలిస్తే లండన్ నుంచి బ్రిస్బేన్‌కి 16,500 కిలోమీటర్లే. మిగిలిన నాలుగు వేల కిలోమీటర్లు జెండాల వెంట, పెట్రోలు డబ్బాల వెంట తిరిగిన చుట్టు.

1938లో ఫ్లయింగ్ బోట్లు సిడ్నీ దాకా వచ్చాయి. నాలుగు ఇంజన్లు, పడవ లాంటి కడుపు, నీటి మీద దిగి నీటి మీద లేచే విమానాలు. సిడ్నీ రోజ్ బే నుంచి ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌కి తొమ్మిది పది రోజులు. ఇవి ఎందుకు తెచ్చారంటే, సగం ఊళ్లలో గట్టి రన్‌వేలు లేవు, నీళ్లు మాత్రం ప్రతిచోటా ఉన్నాయి. మన దేశంలో ఇవి ఆగిన చోట్లు వింటే ఆశ్చర్యం వేస్తుంది. కరాచీ తర్వాత రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గరి రాజసమంద్ సరస్సు, తర్వాత గ్వాలియర్, తర్వాత అలహాబాద్‌లో యమున, ఆపైన కలకత్తాలో హుగ్లీ. పదిహేడో శతాబ్దంలో మేవాడ్ రాణా తవ్వించిన చెరువు మీద ఇరవయ్యో శతాబ్దంలో లండన్ విమానం వచ్చి వాలేది! ఘాట్ మెట్ల మీద బట్టలు ఉతుక్కునేవాళ్లు తలెత్తి చూసేవాళ్లేమో, ఊహించుకోండి.

ఇంకో సంగతి. లండన్‌కీ సిడ్నీకీ గడియారంలో తేడా తొమ్మిది నుంచి పదకొండు గంటలు. పది రోజుల ప్రయాణంలో రోజుకి గంట చొప్పున వాచీ తిప్పుకుంటూ, రాత్రి హోటల్లో మంచం మీద పడుకుంటూ పోతే ఒంటికి ఆ తేడా తెలియనే తెలియదు. ఈ రోజు మనం జెట్ లాగ్ అని బాధపడేది వాళ్లకి లేదు. త్వరగా వెళ్లినందుకు మనం కడుతున్న పన్ను అది.

ఈ అందమైన ఏర్పాటు రెండేళ్లు కూడా పూర్తిగా నడవలేదు. 1940 జూన్ 10న ఇటలీ యుద్ధంలోకి దిగింది, మధ్యధరా మూసుకుపోయింది. దారిని కైరో దగ్గర తుంచి, ఆఫ్రికా తూర్పు పక్కగా డర్బన్‌కి వంచారు. సిడ్నీ నుంచి సింగపూర్, కలకత్తా, కరాచీ, కైరో, డర్బన్. పటం మీద గుర్రపు నాడాలా ఉంటుందని ఆ పేరే పెట్టారు. డర్బన్ నుంచి ఇంగ్లండ్‌కి మళ్లీ ఓడే.

తర్వాత జపాన్ వచ్చింది. 1942 జనవరి 30న కోరియో అనే క్వాంటాస్ ఫ్లయింగ్ బోట్ డార్విన్ నుంచి సురబయ వైపు వెళ్తోంది, అక్కడ చిక్కుకున్న ఆడవాళ్లను, పిల్లలను తీసుకురావడానికి. తిమోర్ దగ్గర జపాన్ యుద్ధ విమానాలు దాన్ని కాల్చి కూల్చాయి. ఉన్న 18 మందిలో 13 మంది చనిపోయారు. కెప్టెన్ ఆబ్రీ కోచ్ గాయాలతోనే ఈది ఒడ్డు చేరాడు. ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది. ఇరవై మూడేళ్లు ఒక్కో మజిలీ చొప్పున అల్లుకొచ్చిన దారి మధ్యలో ఫట్ మని తెగింది. కొన్ని వారాల్లో అండమాన్లు, రంగూన్ కూడా పోయాయి. ఏప్రిల్ 5న కొలంబో మీద బాంబులు, మర్నాడు 6న మన విశాఖపట్నం, కాకినాడ మీద. విశాఖలో పెద్దవాళ్లు చాలాకాలం చెప్పుకున్న బాంబుల రోజు అదే. బంగాళాఖాతం, హిందూ మహాసముద్రం తూర్పు సగం, ఆకాశంతో సహా జపాన్ చేతిలో ఉన్నట్టే.

ఆస్ట్రేలియా పరిస్థితి ఆలోచించండి. వాళ్ల సైనికులు మధ్యప్రాచ్యంలో, యూరప్‌లో పోరాడుతున్నారు. లండన్‌తో మాట్లాడాలి, కాగితాలు పంపాలి. మిగిలింది ఒకటే దారి, పెర్త్ నుంచి సిలోన్‌కి, అంటే శ్రీలంకకి, నేరుగా సముద్రం మీద. 5,600 కిలోమీటర్లకు పైన. మధ్యలో దిగడానికి సురక్షితమైన చోటు ఒక్కటీ లేదు. అప్పటికి ప్రపంచంలో ఎవరూ అంత దూరం ఆగకుండా రోజువారీ సర్వీసులా నడిపింది లేదు.

క్వాంటాస్‌కి బ్రిటిష్‌వాళ్లు అయిదు కటలీనా విమానాలు ఇచ్చారు. ఇవీ నీటి మీద దిగేవే. గంటకు దాదాపు 200 కిలోమీటర్ల వేగంతో సాగేవి. అవసరం లేని ప్రతి వస్తువూ పీకేసి అదనపు పెట్రోలు ట్యాంకులు పెట్టారు. తుపాకులు తీసేశారు, చలి ఆగడానికి వేసిన పొరలు తీసేశారు. ఇంతా చేస్తే మిగిలిన చోటు ముగ్గురు ప్రయాణికులకి, 69 కిలోల టపాకి. పెర్త్ పక్కన స్వాన్ నది మీద లేచి, శ్రీలంక దక్షిణాన గాలె ఊరికి దగ్గర్లోని కొగ్గల సరస్సులో దిగేవాళ్లు. 1943 జులై నుంచి 1945 జులై దాకా, రెండేళ్లలో 271 సార్లు దాటారు.

ఒక్కోసారి 27 గంటలు, గాలి ఎదురైతే 32 గంటలు కూడా పట్టేది. దారిలో రేడియో వాడకూడదు, మాట బయటికి పోతే జపాన్ వాళ్లు పసిగడతారు. మరి దారి ఎలా తెలియాలి? పగలు సూర్యుడు, రాత్రి చుక్కలు. జపాన్ గస్తీ ఉండే ప్రాంతం చీకట్లో దాటేలా బయల్దేరే వేళ చూసుకునేవాళ్లు. ఎక్కిన తర్వాత ఒక సూర్యోదయం, దిగేలోపు ఇంకొకటి. ఒకే ప్రయాణంలో రెండు తెల్లవారుజాములు. అందుకే దీనికి డబుల్ సన్‌రైజ్ అని పేరు. ప్రయాణికుడికి ఒక సర్టిఫికెట్ కూడా ఇచ్చేవాళ్లు, రెండు సూర్యోదయాల రహస్య సంఘంలో నువ్వూ సభ్యుడివి అని.

ఆ అయిదు విమానాలకి నావికులకు దారి చూపే చుక్కల పేర్లే పెట్టారు. ఆల్టేర్, వేగా, రైజెల్, యాంటారిస్, స్పైకా. మన పంచాంగంలోకి మారిస్తే ఆల్టేర్ శ్రవణం, వేగా అభిజిత్తు, యాంటారిస్ జ్యేష్ఠ, స్పైకా చిత్త. మనవాళ్లు ముహూర్తాలు చూసుకునే చుక్కల్నే చూసుకుంటూ వాళ్లు ముగ్గురు మనుషుల్నీ కొన్ని ఉత్తరాల్నీ సముద్రం దాటించారు. ఈ రెండేళ్లలో ఒక్క విమానం కూడా పోలేదు, ఒక్క ప్రయాణికుడికి కూడా ఏమీ కాలేదు. నన్నడిగితే దూర విమానయాన చరిత్రలో దీన్ని మించింది లేదు. తర్వాత వచ్చిన జెట్ రికార్డులన్నీ దీని ముందు కాస్త సుఖపడ్డవాళ్ల కబుర్లే.

కొగ్గల నుంచి సర్వీసు 1943 చివర్లో కరాచీ దాకా పొడిగించారు, అక్కడ బ్రిటిష్ విమానం అందుకునేది. అంటే తెగిన దారాన్ని మళ్లీ కరాచీలోనే ముడి వేశారు. యుద్ధం అయిపోయాక ఆ కటలీనాల గతి ఏమైందో తెలుసా? అమెరికా అరువు పద్దు కింద వచ్చిన విమానాలు కాబట్టి, ఆ షరతుల ప్రకారం ఉంచుకోకూడదని సముద్రంలో ముంచేశారు. మ్యూజియంలో పెట్టుకోవడానికి ఒక్కటైనా మిగల్లేదు.

1947 డిసెంబర్ 1న క్వాంటాస్ మొదటిసారి సిడ్నీ నుంచి లండన్ దాకా తన సొంత విమానాన్నే నడిపింది. లాక్‌హీడ్ కాన్‌స్టలేషన్. 29 మంది ప్రయాణికులు, 11 మంది సిబ్బంది. డార్విన్, సింగపూర్, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీ, లండన్. నాలుగు రోజులు. ఆ దారికి వాళ్లు పెట్టుకున్న పేరు కంగారూ రూట్, గెంతుకుంటూ పోయే దారి. పేరులోనే మజిలీలు ఉన్నాయి. అప్పటికి మూడున్నర నెలల కిందటే మన దేశం రెండైంది. కలకత్తా ఒక దేశంలో, కరాచీ ఇంకో దేశంలో. ఒకే సామ్రాజ్యం గీసిన దారి మీద ఇప్పుడు ఇద్దరి దగ్గర అనుమతి తీసుకోవాలి.

ఆ తర్వాతి కథ అందరికీ కొంత తెలిసిందే, త్వరగా దాటేస్తాను. 1959లో బోయింగ్ 707 జెట్లు వచ్చాయి, ప్రయాణం రెండు రోజుల్లోపుకి దిగింది. 1971 నుంచి క్వాంటాస్ దగ్గర 747లు. విమానం కడుపు పెద్దదైన కొద్దీ పటం మీద ఊళ్లు రాలిపోతూ వచ్చాయి. ట్రిపోలీ పోయింది, కైరో పోయింది, కరాచీ పోయింది, కలకత్తా పోయింది. డార్విన్ కూడా పోయింది. చివరికి సింగపూరో బ్యాంకాకో, ఒక్క మజిలీ మిగిలింది. లండన్ నుంచి సిడ్నీకి మొత్తం ఒక రోజు. ఒకప్పుడు తూర్పు పడమరల విమానాలన్నీ ఆగిన కరాచీ, కలకత్తాల గొప్పతనం అలా నిశ్శబ్దంగా తరిగిపోయింది. ఎవరూ తీసెయ్యలేదు, అవసరం లేకుండా పోయింది అంతే.

ఆ ఒక్క మజిలీ మాత్రం ఎందుకు పోవడం లేదు? ఇక్కడే అసలు చిక్కు. విమానం ఎక్కువ దూరం పోవాలంటే ఎక్కువ పెట్రోలు మొయ్యాలి. ఆ పెట్రోలుకీ బరువుంది, ఆ బరువు మొయ్యడానికి ఇంకాస్త పెట్రోలు కావాలి. అంటే చివరి రెండు వేల కిలోమీటర్ల కోసం తీసుకెళ్లే ఇంధనాన్ని మొదటి పదిహేను వేల కిలోమీటర్లూ మోసుకుంటూ తిరగాలి. తీర్థయాత్రకి వెళ్లేవాడు దారంతటికీ సరిపడా నీళ్లు నెత్తిన పెట్టుకుని నడవడం లాంటిది. ఒక దశ దాటాక, మనుషుల్ని దించేస్తే తప్ప ఇంధనానికి చోటుండదు.

1989 ఆగస్టు 17న క్వాంటాస్ ఇది చేసి చూపించింది. కొత్త 747-400 విమానం లండన్ నుంచి సిడ్నీకి ఎక్కడా ఆగకుండా వచ్చింది. 20 గంటల 9 నిమిషాలు. నాలుగు వందల మంది పట్టే విమానంలో ఉన్నది ఇరవై మంది చిల్లర. మామూలు కంటే చిక్కగా ఉండే ప్రత్యేక ఇంధనం పోశారు, అదే ట్యాంకులో ఎక్కువ శక్తి పట్టడానికి. ఇంజన్లతో నేల మీద నడిస్తే ఆ కాస్త ఇంధనం కూడా వృథా అని ట్రాక్టర్‌తో రన్‌వే చివరిదాకా లాక్కెళ్లి వదిలారు. రికార్డు రికార్డే. కానీ మర్నాటి నుంచి టికెట్లు అమ్మే పని మాత్రం కాదు.

2018 మార్చిలో పెర్త్ నుంచి లండన్‌కి ఆగకుండా మామూలు సర్వీసు మొదలైంది. 14,498 కిలోమీటర్లు, పదిహేడు గంటలు. ఆస్ట్రేలియాని, యూరప్‌ని మజిలీ లేకుండా కలిపిన మొదటి సర్వీసు. ఆస్ట్రేలియాలో పెర్త్ పడమటి అంచున ఉంది కాబట్టి కుదిరింది. సిడ్నీ ఇంకా మూడు వేల కిలోమీటర్లు అవతల.

తర్వాత 2019 నవంబర్‌లో లండన్ నుంచి సిడ్నీకి ఒక పరీక్షా ప్రయాణం చేశారు, బోయింగ్ 787లో, 19 గంటల 19 నిమిషాలు. ఎక్కినవాళ్లు యాభై మంది దాకా, ఎక్కువమంది కంపెనీ ఉద్యోగులు. నిద్ర ఎలా పడుతోంది, ఎప్పుడు తిండి పెడితే ఒళ్లు త్వరగా సర్దుకుంటుంది, పైలట్లు ఎంత చురుగ్గా ఉన్నారు, ఇవి చూడటానికి ఒంటికి పరికరాలు కట్టారు. 1919లో ప్రశ్న ఇంజన్ తట్టుకుంటుందా అని. వందేళ్లకి ప్రశ్న మనిషి తట్టుకుంటాడా అని. ఈ ప్రాజెక్టుకి వాళ్లు పెట్టిన పేరు సన్‌రైజ్. ఆ కటలీనాల గుర్తుగానే పెట్టారు, ఆ ప్రయాణంలో కూడా రెండు సూర్యోదయాలు కనిపించాయి. 2022 మేలో దీనికోసం 12 ఎయిర్‌బస్ ఎ350-1000 విమానాలు ఆర్డర్ చేశారు. మూడు వందలకు పైగా పట్టే విమానంలో 238 సీట్లే పెడతారు, వెనక అదనంగా ఒక ఇంధన ట్యాంకు. మళ్లీ అదే బేరం చూశారా, మనుషుల్ని తగ్గించి పెట్రోలు పెంచడం.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించండి. 1989 రికార్డు, 2019 పరీక్ష, రెండూ లండన్ నుంచి సిడ్నీకే, అంటే పడమర నుంచి తూర్పుకి. ఊరికే అలా చెయ్యలేదు. ఆ ఎత్తులో గాలి పడమర నుంచి తూర్పుకి జోరుగా వీస్తుంది. అటు వెళ్తే వీపు మీద తోస్తుంది, ఇటు వస్తే ముఖాన కొడుతుంది. అందుకే ఒకే రెండు ఊళ్ల మధ్య వెళ్లే టైము, వచ్చే టైము ఎప్పుడూ ఒకటి కావు. మీకు ఎవరైనా ఫలానా ఊరికి ఇన్ని గంటలు అని ఒకే అంకె చెప్తే, వెళ్లడానికా రావడానికా అని అడగండి.

2019లో ఆ పరీక్షా విమానం వెళ్లిన దారి ఏదో తెలుసా? జర్మనీ, పోలండ్, బెలారుస్, రష్యా, కజకిస్తాన్, చైనా, ఫిలిప్పీన్స్. మొదట్లో గ్లోబు మీద మనం లాగిన దారం ఇదే. వందేళ్ల తర్వాత విమానం దాదాపుగా దారం మీదుగానే పోయింది. రెండేళ్ల మూడు నెలలు గడిచాయి, 2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్ యుద్ధం మొదలైంది, రష్యా ఆకాశం యూరప్ కంపెనీలకి మూతపడింది. ఫిన్లాండ్ వాళ్ల ఫిన్‌ఎయిర్ హెల్సింకి నుంచి టోక్యోకి తొమ్మిదిన్నర గంటల్లో వెళ్లేది, అది పదమూడు గంటలు అయింది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత పాకిస్తాన్ మన విమానాలకి ఆకాశం మూసేస్తే, ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే ఎయిర్ ఇండియా విమానాలు వియన్నాలో దిగి ఇంధనం పోసుకున్నాయి. ఆ సీజన్‌లో పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిన మన తెలుగు తల్లిదండ్రుల్లో కొందరికి ఈ వియన్నా సంగతి అనుభవమే.

అన్నింటికన్నా నాకు చిత్రంగా అనిపించేది ఇంకొకటి. 2024 ఏప్రిల్‌లో ఇరాన్, ఇజ్రాయెల్ మధ్య ఉద్రిక్తత ముదిరింది. ఇరాన్ ఆకాశం తప్పించి చుట్టు తిరగాలంటే పెర్త్ నుంచి లండన్ వెళ్లే ఆ పదిహేడు గంటల విమానానికి నిండా ప్రయాణికులతో పెట్రోలు సరిపోదు. దాంతో క్వాంటాస్ దాన్ని సింగపూర్ మీదుగా మళ్లించింది, అక్కడ దింపి ఇంధనం పోసి పంపింది. అదే ఏడాది ఆగస్టులో మళ్లీ అదే పని. 1932లో పర్షియా, 2024లో ఇరాన్. తిరుగు ప్రయాణం, లండన్ నుంచి పెర్త్‌కి మాత్రం ఎక్కడా ఆగకుండానే నడిచింది. ఎందుకో మీకు ఇప్పటికే తెలుసు, గాలి వెనక నుంచి తోస్తోంది.

ఇదండీ ఈ ఎపిసోడ్. గ్లోబు, దారం ఉన్నవాళ్లు ఒకసారి హైదరాబాద్ నుంచి షికాగోకి కూడా లాగి చూడండి, దారం ఎక్కడి నుంచి పోతుందో.